బిల్లుకు ఎవరొస్తారు?

మా నాన్నకు 74 ఏళ్ళు. కావలిలో మా ఇంటి వరండాలో పొద్దున ఐదున్నరకల్లా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. ఆ టైముకి అందులో ఐదారు తెలుగు పేపర్ల పీడీఎఫ్‌లు వరసగా వచ్చిపడి ఉంటాయి, జిల్లా పేజీలతో సహా. ముందు జిల్లా పేజీ తెరుస్తాడు. రెండు వేళ్ళతో సాగదీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కో వార్తా జరుపుకుంటూ చదువుతాడు. గంట పడుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇందులో వింతేముంది, ఊరంతా చేస్తున్నది అదేగా అంటారేమో. మా నాన్న 31 ఏళ్ళు పేపర్ ఏజెంటు. అదీ వింత.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "నాన్నా, ఇది దొంగసరుకు గదా. నీ ఏజెన్సీ రోజుల్లో ఎవడన్నా ఒక్క పేపర్ ఎత్తుకుపోతే ఎంత గొడవ చేసేవాడివి!"

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "టీ బంకు కాడ ఒకడు కొంటే ఇరవై మంది చదివేవాళ్ళు అబ్బయ్యా. వాళ్ళందరూ దొంగలేనా?"

నా దగ్గర జవాబు లేదు. పండగ పూట వాదన ఎందుకని ఊరుకున్నాను కానీ, నెల్లూరు తిరిగొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

ఆన్‌లైన్లో వార్తలకు జనం డబ్బులిస్తారా అంటే, ఇవ్వరని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫ్రీగా వస్తుంటే ఎవడిస్తాడు అన్నదే వాళ్ళ వాదన. నేను ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. డబ్బు ఎవరి జేబులోంచి బయల్దేరి ఎవరి జేబులో తేలిందో చూడటమే నా పని. ఆ అలవాటు కొద్దీ చూస్తే ఈ "ఇవ్వరు" అన్న మాట నాకు మింగుడుపడదు. మనవాళ్ళు ఇచ్చారు. నా చేతికే ఇచ్చారు.

నాకు పదకొండేళ్ళప్పటి నుంచి ఇంటర్ దాకా నాన్నతో పాటు బస్టాండుకు వెళ్ళేవాణ్ణి. తెల్లవారుజామున నాలుగింటికి ట్రంకు రోడ్డు మీద వ్యాను ఆగేది. ఆగేది అనకూడదు, స్లో అయ్యేది. కట్టలు రోడ్డు మీద పడేవి. వాటి మీద ఊరి పేరు, కాపీల లెక్క రాసిన చీటీ. కట్ట విప్పగానే ఇంకు వాసన, కాగితాల మధ్యలోంచి మిషను వేడి ఇంకా తగులుతుండేది. మెయిన్ పేపర్లో జిల్లా పేపర్ దూర్చడం నా పని. ఎడమ చేత్తో మెయిన్ తెరవాలి, కుడి చేత్తో చిన్నది లోపల పెట్టాలి, మోకాలితో సర్దాలి. నాలుగొందల కాపీలు అరగంటలో అయిపోవాలి. ఆలస్యమైతే రైల్వే స్టేషన్ వైపు వెళ్ళే కుర్రాడు సైకిల్ బెల్లు మోగిస్తూ నిలబడేవాడు. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. పాలిథిన్ కవరు కప్పుకుని పేపర్లు, తడుస్తూ మేము.

అది సగం పనే. రెండో సగం ఒకటో తారీఖున మొదలయ్యేది. బిల్లుల వసూలు. నాన్న దగ్గర పొడుగాటి బిల్లు పుస్తకం ఒకటి ఉండేది, వీధుల వారీగా పేర్లు, ఎదురుగా నెలలు. వచ్చినవాటి మీద టిక్కు, రానివాటి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా. నన్ను పంపేవాడు, ఎందుకంటే పిల్లాణ్ణి చూస్తే కొందరైనా జాలిపడతారని. "జీతం పడలేదు, ఐదో తారీఖు రా." "చిల్లర లేదబ్బాయ్." "నిన్న పేపర్ రాలేదు, దానికి తగ్గించుకో." ఒక టీచరుగారైతే వానలో తడిసిన ప్రతి పేపరూ దాచి, నెలాఖరున నా ముందు పరిచి, ఒక్కోటీ చూపించి డబ్బులు కోసుకునేవారు. అయినా పదో తారీఖు దాటేసరికి నూటికి తొంభై ఇళ్ళ ముందు టిక్కు పడేది. మిగతా పది ఇళ్ళ సంగతి నాన్న మోసేవాడు. పత్రిక వాళ్ళకు మాత్రం తేదీకి కట్టాల్సిందే, ముందే డిపాజిట్ కట్టించుకుని ఉంటారు కాబట్టి.

అంతమంది ఎందుకిచ్చారు? పత్రిక మీద ప్రేమతోనా? కాదు. మా వీధిలో ఎవరికీ ఆ పత్రిక ఆఫీసు ఎక్కడుందో కూడా తెలియదు. వాళ్ళకు తెలిసింది మా నాన్న. పొద్దున్నే చలిలో సైకిలేసుకొచ్చే కుర్రాడు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి లేదనడం కష్టం. పేపర్ బిల్లు, పాల బిల్లు, చాకలికి ఇచ్చేది, కేబుల్ వాడికి ఇచ్చేది, అన్నీ ఒకే లెక్కలో, ఒకే డబ్బాలోంచి పోయేవి.

ఇంకో సంగతి. ఆ బిల్లులో వార్త ఖరీదు ఎంత? నిజం చెప్పాలంటే సున్నాకి దగ్గర. పేపర్ మీద అచ్చేసిన ధరలోంచి ఏజెంటు కమీషను, వ్యాను ఖర్చు పోగా మిగిలేది న్యూస్‌ప్రింట్‌కే సరిపోయేది కాదు. మిగతాదంతా ప్రకటనలు మోసేవి. పాఠకుడు కొన్నది కాగితాన్ని, గుమ్మం దాకా మోసిన చాకిరీని. అందులోనూ సగం వెనక్కి రాబట్టేది మా అమ్మ. పాత పేపర్లు కట్టలు కట్టి తూకానికి వేసేది, అల్మారా అరల్లో పరిచేది, అప్పడాలు ఎండబెట్టేది, బజ్జీల నూనె పీల్చేది. పీడీఎఫ్ మీద అప్పడాలు ఎండవు కదా! ఆన్‌లైన్ వార్తకు డబ్బులు అడిగేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడన్నా వేశారో లేదో.

అందుకని "ఒకప్పుడు వార్తకు డబ్బులిచ్చేవాళ్ళు, ఇప్పుడు మానేశారు" అనడం తప్పు లెక్క. వార్తకు విడిగా ధర కట్టి జనం ముందు పెట్టడం ఇదే మొదటిసారి.

అలా పెట్టినచోట ఏమైంది? అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్ 1997 నుంచే వెబ్‌సైటుకు డబ్బులు తీసుకుంటోంది. చదివేవాళ్ళు డబ్బుతో పనున్నవాళ్ళు కాబట్టి ఇచ్చారు. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో తన వెబ్‌సైటుకు, డబ్బులు కడితేనే లోపలికి అనే గోడ కట్టినప్పుడు మునిగిపోతుందన్నవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు వాళ్ళ చందాలు కోటి దాటాయి. అందులో వంటల కోసం, పదాల ఆటల కోసం కట్టేవాళ్ళూ ఉన్నారని మర్చిపోకూడదు. మనకిది కొత్తేమీ కాదు, రాశిఫలాలు లేకపోతే మా అమ్మ పేపర్ మాన్పించేసి ఉండేది. వార్తారంగం మీద పరిశోధన చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2024 నివేదికలో 20 సంపన్న దేశాల సగటు తీస్తే ఆన్‌లైన్ వార్తలకు డబ్బు కట్టేవాళ్ళు 17 శాతం. నార్వేలో మాత్రం 40. నార్వేలో చిన్న చిన్న ఊళ్ళకు కూడా సొంత పేపర్లున్నాయి, జనం వాటికి కూడా కడతారు. నేను పట్టుకోవాలనుకుంటున్న కొస ఇదే. డబ్బున్న దేశాలు చాలా ఉన్నాయి, అన్నిట్లో 40 లేదు.

మన దగ్గర అడిగే తీరు చూడండి. నా సొంత అనుభవమే చెప్తాను. 2020లో లాక్‌డౌన్ టైములో ఒక పత్రికకు ఆన్‌లైన్లో ఏడాది చందా కట్టాను. పేరు వద్దు. మొదటి ఏడాది ఆఫర్, చవకే. బాగానే చదివాను. ఏడాది తిరిగేసరికి కార్డులోంచి ఆఫర్ లేని పూర్తి మొత్తం కోసేశారు. నాకు తెలిసింది బ్యాంకు మెసేజీ వచ్చాకే. ఆపేద్దామంటే వెబ్‌సైటులో చేరడానికి నాలుగుచోట్ల బటన్లున్నాయి, మానడానికి ఎక్కడా లేదు. ఫోన్ చేయమన్నారు. చేస్తే పాట. పాట అయ్యాక ఒక అమ్మాయి, "ఎందుకు మానేస్తున్నారు సార్" అని పావుగంట. డబ్బులు వెనక్కి రాలేదు. మా నాన్న బిల్లు పుస్తకంలో "రేపట్నుంచి వద్దయ్యా" అంటే రేపట్నుంచి వచ్చేది కాదు. ఆ నెలకు ఎన్ని రోజులు వేశామో అన్నిటికే డబ్బులు. ఆ తర్వాత 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు ఇలాంటి ఆటో డెబిట్లకు ముందే చెప్పాలని నిబంధన పెట్టింది, మంచిదే. కానీ అప్పటికే కాలిన చేయి కదా, ఇప్పుడు ఎవరు కార్డు నంబరు అడిగినా ముందు క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటాను.

పన్ను సంగతీ ఒకటుంది. జీఎస్టీ వచ్చినప్పుడు కాగితం పత్రికను పన్ను నుంచి తప్పించారు. ఆన్‌లైన్ వార్తల చందాను 18 శాతంలో పెట్టారు. అదే వార్త, అదే విలేకరి. కాగితం మీదుంటే ఉప్పూ పప్పూ లాగా, ఫోన్లో ఉంటే రెస్టారెంటు సోకు లాగా.

సరే, తీరు అలా ఉంచండి. సరుకు?

మా బావ అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. నాలుగెకరాలు కౌలుకు. ఆయన ఫోన్లో కనీసం పది గ్రూపులు, అన్నిట్లోనూ పొద్దున్నే రేట్లు. 30 కౌంట్ ఇంత, 50 కౌంట్ ఇంత, 100 కౌంట్ ఇంత. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అన్నీ ఫ్రీ. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దేశాల వారీగా సుంకాలు ప్రకటించాడు. మనకు 26 శాతం అన్నారు. ఆంధ్రా రొయ్యకు పెద్ద బజారు అమెరికానే. మర్నాటి నుంచే ఆ గ్రూపుల్లో రేట్లు పడిపోయాయి. "ఇంకా పడతాయి, పట్టుబడి చేసేసుకోండి" అని వాయిస్ మెసేజీలు. బావ చెరువులో అప్పటికి మూడు టన్నుల సరుకు, ఇంకో పది రోజులు మేత వేస్తే కౌంటు కూడా మెరుగయ్యేది. టెన్షన్ తట్టుకోలేక పట్టేశాడు. కిలోకి 35 రూపాయలు తక్కువ. ఏప్రిల్ 9న ట్రంప్ ఆ సుంకాలను 90 రోజులు వాయిదా వేశాడు, అప్పటికి 10 శాతమే అన్నాడు. బావకు ఆ కబురు అందేసరికి చెరువులో నీళ్ళు తోడేసి ఉన్నాయి.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. మూడు వేల కిలోలు, కిలోకి 35. లక్షా ఐదు వేలు. బావను అడిగాను, "ఆ గ్రూపుల్లో రేట్లు పెట్టేది ఎవరు?"

"ఇంకెవరు, కొనేవాళ్ళే. కంపెనీల ఏజెంట్లు."

ఆ మాట అన్నాక ఆయనే కాసేపు మాట్లాడలేదు. కొనేవాడు పంపే రేటును వార్త అనుకుని ఇన్నేళ్ళూ ఫ్రీగా తీసుకున్నాడు. ఫ్రీ వార్త ఊరికే రాదు. పంపినవాడికి అందులో ఏదో పని ఉండి వస్తుంది. అదే రోజు ఎవరన్నా విశాఖలో ఎగుమతిదారులతో మాట్లాడి, అప్పటికే ఓడెక్కిన సరుకు మీద సుంకం పడుతుందా లేదా కనుక్కుని, "పది రోజులు ఆగినవాళ్ళకు ఏమవ్వొచ్చు" అని తెలుగులో నాలుగు పేరాలు రాసి ఉంటే? నెలకు రెండొందలు కాదు, రెండు వేలు అడిగినా బావ కట్టేవాడు. ఎందుకు కట్టడు? ఏరియేటర్ల కరెంటుకు, సీడుకు, మేతకు లక్షలు పోస్తున్నాడు. నీళ్ళ పరీక్ష చేసే ల్యాబుకు డబ్బులిస్తున్నాడు. ల్యాబు అమ్మేదీ సమాచారమే కదా!

కందుకూరులో మా మేనత్తవాళ్ళది ఇంకో బాధ. వాళ్ళ ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు అటు పోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మళ్ళీ నెల్లూరులో కలిపారు. దాంతో పేపర్లో జిల్లా పేజీలూ మారిపోయాయి. మామయ్యకు కావలసింది పొగాకు వేలం కబుర్లు. కందుకూరులో రేటు ఎలా పలికింది, టంగుటూరు, ఒంగోలు వేలం కేంద్రాల్లో ఎలా ఉంది, కొనుగోలుదారులు ఎన్ని బేళ్ళు వద్దన్నారు. మారిన పేజీల్లో ఆయనకు వచ్చింది నెల్లూరు కార్పొరేషన్ సమావేశం. "మాకెందుకురా ఆ గోల" అనేవాడు. కాగితం అచ్చేసేవాడికి ఇది తప్పదు, సర్కారు గీసిన గీతనే పట్టుకోవాలి. ఆన్‌లైన్లో ఆ ఇబ్బంది లేదు. మామయ్య గీసుకున్న జిల్లా మామయ్యకు ఇవ్వొచ్చు. కానీ యాప్ తెరిస్తే ఏముంటుంది? "మీ జిల్లా ఎంచుకోండి" అంటుంది. ఎంచుకుంటే ఒక రోడ్డు ప్రమాదం, ఒక చెయిన్ స్నాచింగ్, ఒక ఎమ్మెల్యే పరామర్శ, మధ్యలో సినిమా హీరోయిన్. దానికి ఎవరిస్తారు డబ్బులు? నేనివ్వను.

మన పత్రికలు ఈ సంగతి తెలియనివి కావు. ఈ దేశంలో జిల్లా వార్తను సరుకుగా చేసి అమ్మి చూపించిందే తెలుగు పత్రికలు. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు ఎనభైల చివర్లో జిల్లాకొక చిన్న పేపర్ వేయడం మొదలుపెట్టింది, మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. నేను మోకాలితో సర్దింది ఆ పేపర్నే. 1992లో మా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రాత్రి బడుల్లో చదువు నేర్చుకుంటూ, వాచకంలో సీతమ్మ కథ చదివి కదిలినవాళ్ళు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఈనాడు ఆ ఉద్యమం కోసం ప్రత్యేకంగా పేజీ కేటాయించి రోజూ ఏ ఊళ్ళో ఏం జరిగిందో వేసింది. ఆ రోజుల్లో కలిగిరి వైపు వెళ్ళే మా కట్ట లావెక్కిందని నాన్న ఇప్పటికీ చెప్తాడు. కొన్నది మగవాళ్ళే, చదివించుకున్నది ఆడవాళ్ళు. కొత్తగా అక్షరాలు వచ్చినవాళ్ళు తమ ఊరి పేరును అచ్చులో వేలు పెట్టి చదువుకున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఊరి వార్తకు గిరాకీ ఉందా లేదా అని సర్వేలు అక్కర్లేదు, ఆ కట్ట లావు చాలు.

ఆ జిల్లా పేపర్ 2020లో ఏమైంది? కరోనా భయంతో జనం పేపర్ ముట్టుకోవడం మానేశారు. ప్రకటనలు ఆగిపోయాయి. మా ఇంటికి వచ్చే పేపర్లో విడిగా వచ్చే జిల్లా అనుబంధం ఎగిరిపోయి, మెయిన్‌లోనే రెండు మూడు పేజీలకు కుదించుకుపోయింది. ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు చెయ్యి పడింది దాని మీదే, ఇంకెక్కడా దొరకని ఒకే ఒక్క సరుకు మీద. ఢిల్లీ వార్త వంద చోట్ల ఫ్రీగా దొరుకుతుంది. కలిగిరి వార్త దొరకదు. దొరికేదానికి డబ్బులు అడిగి, దొరకనిది ఆపేశారు. వ్యాపారం తెలిసినవాళ్ళు చేసే పనేనా ఇది?

వార్త రాసేవాడి సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. మండలంలో విలేకరి అని మనం పిలిచే మనిషికి జీతం ఉండదు. చాలాచోట్ల లైన్ల లెక్కన ఇచ్చేది పెట్రోలుకు చాలదు. పైగా ప్రకటనల టార్గెట్. ఆగస్టు 15, జనవరి 26, ఉగాది, పత్రిక వార్షికోత్సవం, నాయకుల పుట్టినరోజులు. రైస్ మిల్లు ఓనరు దగ్గరికో, ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు దగ్గరికో, సర్పంచి దగ్గరికో వెళ్ళి "శుభాకాంక్షలు" యాడ్ ఇప్పించుకోవాలి. రేపు ఆ స్కూలు బస్సు ఫిట్‌నెస్ లేకుండా తిరుగుతుంటే రాయగలడా? రాసినా పడుతుందా? ఇదీ మన వార్తకు అసలు చందాదారు. పాఠకుడు ఇవ్వని డబ్బు సర్పంచి ఇస్తాడు, దానికి తగ్గట్టే పేజీ ఉంటుంది.

అలాంటి విలేకరి ఒకడు నన్ను 2021 నవంబరులో కాపాడాడు. పెన్నకు వరద. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19న తెగింది. ఆ నీళ్ళన్నీ సోమశిల డ్యాముకు, అక్కణ్ణుంచి మా మీదకు. మా అత్తగారి ఇల్లు కోవూరు దగ్గర లోతట్టులో. పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నేను నెల్లూరులో, వాళ్ళు ఏటికి అటుపక్క. ఫోన్ నిండా "సోమశిల తెగింది, పారిపోండి" అని వాయిస్ మెసేజీలు. ఎవరి గొంతో తెలియదు. ఒకే గొంతు పన్నెండు గ్రూపుల్లో. మా ఆవిడ ఏడుపు. పేపర్ల వెబ్‌సైట్లు తెరిస్తే నాయకుల ఏరియల్ సర్వే ఫొటోలు. అప్పుడు ఎవరో ఒక ఫేస్‌బుక్ లైవ్ లింకు పంపారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో గొడుగేసుకుని ఒక కుర్రాడు, కోవూరు వైపు ఏ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఒక్కో కరెంటు స్తంభం ఆనవాలు చెప్తూ చూపిస్తున్నాడు. "సోమశిల తెగలేదు, ఇప్పుడే ఇరిగేషన్ వాళ్ళతో మాట్లాడాను, నీళ్ళు వదులుతున్నారు అంతే" అన్నాడు. మా అత్తగారి వీధి మొగదల ఉండే రామాలయం కనిపించింది. మెట్లు మునగలేదు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం తిన్నది ఆ వీడియో చూశాకే.

తర్వాత వాకబు చేస్తే ఆ కుర్రాడు ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్. ఆ లైవ్‌కు ఎవరూ అతనికి రూపాయి ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. ఇవ్వాలని ఆ రాత్రి అనిపించింది, ఎలా ఇవ్వాలో తెలియలేదు, పొద్దున్నకి మర్చిపోయాను. "జనం ఇవ్వరు" అనేవాళ్ళు నన్నూ ఆ లెక్కలో కలుపుకోవచ్చు. కాకపోతే ఆ రాత్రి ఆ వీడియో కింద యూపీఐ నంబరు ఒకటి ఉండి ఉంటే ఐదొందలు కళ్ళు మూసుకుని పంపేవాణ్ణి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. డబ్బులున్నవాళ్ళకే మంచి వార్త, లేనివాళ్ళకు వాయిస్ మెసేజీలు అయితే? సోమశిల తెగలేదన్న మాట చందాదారులకు మాత్రమే చెప్తే? అది తప్పే. వరద, రోగం, ఎన్నిక, ఇలాంటివాటికి గోడ కట్టకూడదు. ఇంగ్లండులో గార్డియన్ పత్రిక వార్తలన్నీ ఫ్రీగా ఉంచి, ఇవ్వగలిగినవాళ్ళను ఇవ్వమని అడుగుతుంది, లక్షల మంది ఇస్తున్నారు. మన దేశంలో న్యూస్‌లాండ్రీ లాంటి వార్తా వెబ్‌సైట్లు చందాల మీదే నిలబడ్డాయి. ఇవ్వగలవాడు ఇస్తే లేనివాడు చదువుతాడు. ఆలోచిస్తే మా నాన్న చెప్పిన టీ బంకు కూడా అదే. బంకు ఓనరు ఒకడు కట్టాడు, ఇరవై మంది చదివారు. దాన్ని దొంగతనం అన్న నా మాటే తప్పేమో. కాకపోతే బంకులో ఒకడైనా కట్టేవాడు. పీడీఎఫ్ గ్రూపులో కట్టేది ఎవరు?

పత్రిక నడపడమంటే ఏంటో ఈ జిల్లాల పేర్లలోనే ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారిది వినోదరాయునిపాలెం. మద్రాసులో బారిస్టరుగా గడించిన ప్రాక్టీసు వదిలేసి, 1921లో స్వరాజ్య పత్రిక పెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లో. సంపాదించిందంతా అందులో పోశారు. పేరు వచ్చింది, డబ్బు రాలేదు, చివరికి మూతపడింది. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. చందా మాత్రం కట్టలేకపోయాం అనిపిస్తుంది నాకు ఒక్కోసారి. పెద్ద మాటేలెండి, అప్పటి చందాదారుల లెక్క నేను చూడలేదు. కానీ ఒక మనిషి ఆస్తి కరగదీసుకుంటే తప్ప పత్రిక నడవదన్న పద్ధతి మీద నాకు గౌరవం ఉంది గానీ నమ్మకం లేదు. అందరికీ ఒక ప్రకాశం పంతులు దొరకడు. దొరికేది ఏ గ్రానైట్ ఓనరో, ఏ కాంట్రాక్టరో. ఆయన పత్రిక ఎందుకు పెడతాడో వేరే చెప్పాలా?

నీళ్ళ సంగతి తలుచుకుంటే మాత్రం ఆశ కలుగుతుంది. నాన్న 2016లో ఏజెన్సీ తన దగ్గర పనిచేసే కుర్రాడికి అప్పజెప్పాడు. 2020లో కాపీలు సగానికి పడిపోయాక ఆ అబ్బాయి ఆటో కొని మినరల్ వాటర్ క్యాన్లు వేస్తున్నాడు. అవే వీధులు, అవే గేట్లు. ముప్పై ఏళ్ళ కింద మంచినీళ్ళు డబ్బిచ్చి కొంటారంటే కావలిలో నవ్వేవాళ్ళు. కనిగిరి వైపు వాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు కాదు, ఊరికే దొరికే నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలకు ఏం చేస్తుందో వాళ్ళకు తెలుసు. ఇప్పుడు ఆ అబ్బాయికి నెల తిరిగేసరికి డబ్బులు వసూలైపోతున్నాయి. పేపర్ బిల్లు కంటే సులువుగా అంటాడు.

ఈ వ్యాసం సగం రాశాక పోయిన ఆదివారం కావలి వెళ్ళాను. నాన్న ఎప్పట్లాగే వరండాలో, ఫోనుతో. చదవడం లేదు, ఏదో కిందామీదా పడుతున్నాడు.

"ఇదిగో అబ్బయ్యా, ఇరవై రూపాయలు పంపాలి, ఎట్లా కొట్టాలో చూడు."

గ్రూపు అడ్మిన్ మెసేజీ పెట్టాడు. పాత ఫోను పాడైపోయిందట, పీడీఎఫ్‌లు దింపి పంపడానికి కొత్తది కొనుక్కోవాలి, తలా ఇరవై ఇస్తే చాలు అని. కింద యూపీఐ నంబరు. దాని కింద వరసగా పంపినవాళ్ళ స్క్రీన్‌షాట్లు. లెక్కపెట్టాను, నాకు అదొక జబ్బు. ముందురోజు రాత్రి పెట్టిన మెసేజీకి పొద్దున ఏడింటికి 63 మంది పంపేశారు. ఇరవై అడిగితే యాభై, వంద పంపినవాళ్ళూ ఉన్నారు. వానలో తడిసిన పేపర్లకు డబ్బులు కోసుకున్న టీచరుగారు వంద పంపారు.

"నాన్నా, దొంగ పీడీఎఫ్‌కి చందానా?" అన్నాను.

"పాపం ఆ పిల్లోడు రోజూ నాలుగింటికి లేస్తాడురా" అన్నాడు మా నాన్న. "ఇరవై ఏం బాగుంటది, యాభై కొట్టు."